విప్పిన నూలు

పదీ ఐదయింది. చేనేత సొసైటీ షట్టర్ ఇంకా దించే ఉంది. దాని ముందున్న సిమెంటు బల్ల మీద బాపు కూర్చున్నాడు, పక్కన నేను. బాపు ఒళ్లో చుట్టి తాడు కట్టిన జంపఖానా ఉంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. సొసైటీ నడిపే వెంకట్రాజం కాక పదకొండు గంటలకు గానీ రాడని టీకొట్టు ఆమె చెప్పింది కాబట్టి నా చేతిలో యాభై అయిదు నిమిషాలున్నాయి. ఈలోగా బాపుకు నిజమైనా చెప్పాలి, లేకపోతే కాక నోటితో అబద్ధమైనా చెప్పించాలి. రెండూ చేతకాక చెప్పుతో ఇసుక గీకుతున్నాను. మూడేళ్లుగా ఈ సొసైటీ బాపు నేసిన ఒక్క జంపఖానా కూడా తీసుకోలేదు. కళ్లు పోయిన మనిషికి ఆ సంగతి తెలియకుండా అమ్మా నేనూ కలిసి దాచాం. అమ్మ పోయి రెండు నెలలయింది, ఇప్పుడు నేనొక్కదాన్నే దాస్తున్నాను. ఇవాళ పొద్దున్నే బాపు స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని, తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఈసారి నేను గూడ వస్త బిడ్డా. వెంకట్రాజంతోని మాట్లాడేదున్నది" అన్నాడు.

ఎన్ని సాకులు చెప్పానో. కాక పరకాలలో పెళ్లికి పోయాడన్నాను, ఇవాళ సెలవన్నాను, స్కూటీలో పెట్రోలు లేదన్నాను. పెట్రోలు లేకపోతే ఆటో మాట్లాడమన్నాడు, సెలవైతే తాళం చూసొద్దామన్నాడు. చూపు లేని మనిషి తాళం చూసొద్దామంటే ఏమనగలను? ఆటోలో కూర్చున్నాక కాకకు రెండుసార్లు ఫోన్ చేశాను, స్విచ్చాఫ్. మెసేజ్ పెట్టాను. కాకా, బాపును తీసుకొస్తున్న, జంపఖానా మంచిగున్నదని తీసుకో, మంచిగ నేసినవని ఒక్క మాట అను, మిగతాది నేను తర్వాత చెప్త. ఒక్క టిక్కే పడింది. అప్పటినుంచి ఫోను తీసి చూడడం, మళ్లీ బ్యాగులో పెట్టడం. పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే టీచరమ్మను నేను, ఊళ్లో పెద్దమనిషికి అబద్ధం ఎలా ఆడాలో రాసి పంపాను. అక్షర దోషాలు కూడా లేకుండా రాశాను, దేవుడి దయ.

అసలు ఆ మాట నిన్ననే రావాలా? హసన్‌పర్తి బడిలో తొమ్మిదో తరగతి, నాలుగో పీరియడు, పాఠం వెనక కఠిన పదాల్లో డిసీవ్ అని ఉంది. బోర్డు మీద రాశాను. మోసం చేయడం అని అర్థం చెప్పి ఊరుకుంటే పోయేది. చెప్పడం నాకు సరదా. చీట్ చేయడానికి పరిచయం కూడా అక్కర్లేదు, బస్టాండులో ఎవడైనా చేస్తాడు, డిసీవ్ చేయాలంటే మాత్రం అవతలివాళ్లు ముందు మనల్ని నమ్మాలి అన్నాను. నమ్మినవాళ్లకు లేనిది ఉందనిపించడం, ఉన్నది లేదనిపించడం, అదీ ఈ మాటకు అర్థం అన్నాను. ఎంత బాగా చెప్పానో అని నాకే అనిపించింది. తర్వాత సొంత వాక్యాలు రాయమన్నాను. ముప్పై ఎనిమిది మంది నక్క కాకిని మోసం చేసిందని రాశారు. రుహీ ఒక్కతే, మేం మా నానీని డిసీవ్ చేశాం, ఆమె సంతోషంగా ఉంది అని రాసింది. నానీ ఎవరని అడిగితే బడేబీ అట, వాళ్లమ్మకు అమ్మ, మంచం పట్టింది. ఆమె పెంచుకున్న మేకను రంజాన్ ముందే అమ్మేశారు, మేక ఏదని ఆమె రోజూ సాయంత్రం అడుగుతుంది, మేతకు పోయిందని వీళ్లు రోజూ సాయంత్రం చెబుతారు. "తప్పా టీచర్?" అని అడిగింది. వాక్యం కరెక్టే అన్నాను. టిక్కు పెట్టి పుస్తకం ఇచ్చేసి ఇంకో పుస్తకం తీసుకున్నాను.

బాపు వేళ్లు జంపఖానా అంచు మీద ముందుకూ వెనక్కూ పోతున్నాయి. ఈ అంచులే కదా అన్నీ తెచ్చిపెట్టాయి. కళ్లలో నీటికాసులు, గ్లాకోమా అని డాక్టరు చెప్పేటప్పటికే నరం ఎండిపోయింది, ఎండ ఉందా నీడ ఉందా అన్నంత వరకే మిగిలింది. అయినా నేశాడు. పదకొండేళ్ల వయసు నుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టిన మనిషి, కళ్లతో ఏం పని అన్నాడు. ఆరు నెలలు నడిచింది. ఆ తర్వాత ఒకరోజు వెంకట్రాజం కాక అమ్మనూ నన్నూ ఈ షట్టరు లోపలికే పిలిచి, రెండు జంపఖానాలు నేల మీద పరిచాడు. అంచులు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి, వాగు ఒడ్డులా పోయాయి. "అంచులు నిలుస్తలేవు వదినా. ఇవి ఎవలు కొంటరు? అన్నకు నేను చెప్పలేను, మీరే జర చెప్పుండ్రి" అన్నాడు. ఆయన తప్పేం లేదు, కొనేవాళ్లుంటేనే సొసైటీ, లేకపోతే రేకుల షెడ్డు. అమ్మ ఆ రెండూ చుట్టుకుని చంకన పెట్టుకుంది. మా గల్లీలోకి తిరగకుండా ముందు గల్లీలో మొగిలమ్మ ఇంటి ముందు ఆగింది. మొగిలమ్మ అమ్మకు చిన్నప్పటి జతగత్తె, ఒంటరి మనిషి. "చెప్పకు సుహాసినీ. మగ్గం ఆగితే ఆయన ఆగుతడు" అంది అమ్మ. ఆ రెండు జంపఖానాలూ మొగిలమ్మ అటక ఎక్కాయి.

చెప్పేయాల్సింది అప్పుడే. నేను చదువుకున్నదాన్ని, ఇదేం పని అమ్మా అనాల్సింది. అనలేదు సరికదా, తెలివి కూడా అరువిచ్చాను. సొసైటీకి ఇచ్చొస్తానని నేనే స్కూటీ మీద వేసుకుపోయేదాన్ని, మొగిలమ్మ అరుగు మీద దించేదాన్ని. నాలుగోది నేసేటప్పటికి అటక నిండింది. అమ్మకు నూలు ఊరికే పడి ఉంటే నిద్రపట్టదు. నేతోళ్ల ఇంట్లో పుట్టిన మనిషి, తెగిన పోగును కూడా ముడివేసి దాచే మనిషి. ఒక మధ్యాహ్నం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చివర ముడి విప్పి, అడ్డంగా నేసిన పేక నూలు లాగడం మొదలుపెట్టింది. నిలువు పడుగు పోగులు కోసేశాక దేనికీ పనికిరావు, అవి కొత్తవి నేను కొనుక్కొచ్చేదాన్ని, సొసైటీ కూలి అని బాపుకిచ్చేదీ నా జీతంలోంచే. పేక మాత్రం మొత్తం తిరిగొచ్చింది, వంకీలు వంకీలుగా, రంగు రంగుకు ఒక కుప్ప. దాన్ని నీళ్లలో నానబెట్టి, దండెం మీద వేసి, కింద రాయి కట్టి, వంకీలు పోయేదాకా ఎండలో ఉంచేది. గంజి పెట్టేది. మొగిలమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. నెల రోజులు బాపు నేసింది వీళ్లిద్దరూ నాలుగు మధ్యాహ్నాల్లో విప్పేవారు. నేను ఆదివారాలు పోయి చేయి వేసేదాన్ని. ముగ్గురం మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఆ తర్వాత కండెలు తట్టలో పెట్టుకుని అమ్మ మా ఇంటి గడప ఎక్కేది. వాకిట్లోంచే మొదలుపెట్టేది. "ఇగో, వచ్చింది కొత్త నూలు. వెంకట్రాజం ఏమంటాండో ఎరికేనా? లక్ష్మీనర్సయ్యన్న చెయ్యి పడితే గని మాల్ ఢిల్లీకి పోదట." పెళ్లివారింటికి పిలుపులకు పోయినదాని గొంతు. ఆ గొంతు విని బాపు మగ్గం గుంటలోంచి ముఖం పైకెత్తి నవ్వేవాడు. నేను గుమ్మంలో నిలబడి అమ్మ ముఖం చూసేదాన్ని. మాట్లాడినంతసేపూ ఆమె కళ్లలోంచి నీళ్లు కారేవి. కొంగు నోట్లో కుక్కుకుని ఒక్క క్షణం ఆగేది, మళ్లీ తీసి నవ్వే గొంతుతో అందుకునేది. ఒక్కసారి కాదు, ప్రతిసారీ అంతే. నేను తల పక్కకు తిప్పుకునేదాన్ని. చేసే పాపం చేస్తూ చూడడానికి మాత్రం సిగ్గుపడేదాన్ని.

టీకొట్టు ఆమె రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది. బాపు చేతికి గ్లాసు అందించాను. ఊదుకుని తాగుతున్నాడు. ఇప్పుడు చెప్పనా? బాపూ ఒక మాట, అని మొదలుపెట్టాలి. ఆ తర్వాత? మూడేళ్లు నువ్వు నేసినవి ఎవరి ఇంట్లోనూ పరచలేదు బాపూ, వాటి మీద ఏ పిల్లలూ కూర్చోలేదు, ఏ పెళ్లిలోనూ వేయలేదు, అన్నీ రెండు గల్లీల మధ్యే తిరిగాయి అనాలి. అంటే ఈ గ్లాసు పట్టుకున్న చేయి ఏమవుతుంది? చెప్పకపోతే ఇంకో అరగంటలో కాక చెబుతాడు, మూడేండ్లాయె గదా అన్నా నీ దగ్గర మాల్ తీసుకోక అంటాడు, టీకొట్టు ఆమె వింటుంది, నూలు కోసం వచ్చినవాళ్లు వింటారు. నడిబజార్లో గుడ్డివాడి పరువు తీసిన బిడ్డనవుతాను. ఫోను తీశాను. ఒక్క టిక్కే.

అమ్మకు దవాఖానలో మాట పడిపోయే ముందు పక్కన నేనే ఉన్నాను. గుండె సగం పనిచేస్తోందన్నారు, ఆ సగం కూడా ఆ రోజు అలసిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "కండెల వరుస మరువకు. ఎర్రది, నీలం, నల్లది, ఎడమ దిక్కునుంచి. మగ్గం ఆగనియ్యకు" అంది. నన్ను కనిపెట్టుకో అనలేదు, బాపును చూసుకో అనలేదు. కండెల వరుస, బాపు రంగులు ఎంచుకునేది దాన్నిబట్టే. హసన్‌పర్తిలో అద్దె గది ఖాళీ చేసి కొత్తవాడలో బాపు దగ్గరికి వచ్చేశాను. బడినుంచి వచ్చి మొగిలమ్మ అరుగు మీద కూర్చుని విప్పుతున్నాను. మొగిలమ్మకు ఇప్పుడు చేతులు వణుకుతాయి, పక్కన కూర్చుంటుంది, అంతే. పదే పదే తడిసి ఎండిన నూలు పోగులు పోగులుగా లేస్తోంది, ముడి దగ్గర గట్టిగా లాగితే వేలు కోసేస్తుంది. చూపుడు వేలి మీద గాటు మానేలోపే ఇంకోటి పడుతుంది. కండెలు తట్టలో పెట్టుకుని గడప ఎక్కి, "వచ్చింది బాపూ కొత్త నూలు" అంటాను. అమ్మలా అనబోతాను. నా గొంతు నాకే హాజరు పిలుస్తున్నట్టు వినిపిస్తుంది.

మొన్న వరుస కూడా తప్పాను. బడికి ఆలస్యమవుతోందని ఎర్రదాని చోట నల్లది పెట్టేసి వెళ్లిపోబోయి, గుమ్మంలో గుర్తొచ్చి ఆగాను. అప్పటికే బాపు ఆ కండె చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ ఏమీ ఎరగనట్టు కదిలాయి. ఎర్ర పట్టె రావలసిన చోట నల్ల పట్టె వచ్చింది. అమ్మయ్య, కనిపెట్టలేదు అనుకుని స్కూటీ తీశాను. దారిలో ఏడుపొచ్చింది, రంగు కూడా తెలియనంత అయిపోయాడా మా బాపు అని. ఆ నల్ల పట్టె ఇదిగో ఈ చుట్టలోనే ఎక్కడో ఉంది.

"టైం ఎంతయితాంది బిడ్డా?"

"పదీ నలభై."

బాపు గ్లాసు బల్ల మీద పెట్టి, చేత్తో తడిమి నా చేయి పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే వత్తుకుంటూ వచ్చి చూపుడు వేలి దగ్గర ఆగాడు.

"తెగింది గదా."

"కత్తిపీట తగిలింది బాపూ."

"కత్తిపీట అయితే లోతుకు తెగుతది. ఇది పోగు కోసింది. మీ అమ్మ వేలికి గూడ గిక్కడ్నే ఉండేది."

చేయి వెనక్కి లాక్కోబోయాను. ఆయన నా చేయి వదల్లేదు.

"ఈ నూలు ఎన్నోసారి బిడ్డా?"

"ఏ నూలు బాపూ?"

"గిదే. నా ఒళ్లెది. ఎర్రది మస్తు మెత్తవడ్డది. ఇంకోసారి ఇప్పితే పోగు నిలువది."

ఎదురుగా రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఎప్పటినుంచి తెలుసని అడిగాననుకుంటా. మొదటిసారి కండె చేతిలో పెట్టినప్పుడే తెలిసిందన్నాడు. మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. "కొత్త నూలు వేలికి ఎదురు తిరుగుతది. ఒకసారి నేసిన నూలు చెప్పినట్టు వింటది. మీరు ఎంత నానవెట్టుండ్రి, ఎంత రాయి కట్టుండ్రి, దాని వంపు పోదు. యాభై ఏండ్లు పట్టుకున్న, నాకు తెల్వదా? మొన్న నువ్వు నల్లది పెట్టినవ్, అది గూడ తెలిసింది. నల్ల అద్దకం గరుకుంటది."

"మరెందుకు నేసినవ్ బాపూ? మూడేండ్లు?"

బాపు రెండో చేత్తో జంపఖానా అంచు సవరించాడు. "మీ అమ్మ వచ్చి కొత్త నూలు వచ్చిందని చెప్తుండె గదా. ఆ గొంతుల ఎంత సంబురముండె. నాకు కండ్లు పోయినంక ఇంట్ల అందరి గొంతులు మారినయ్. నీది మారింది, మొగిలమ్మది మారింది. మెల్లగ, దవాఖానల మాట్లాడినట్టు. మీ అమ్మది ఒక్కటి, గా నూలు తెచ్చిన దినం, లగ్గమైన కొత్తల ఎట్లుండెనో గట్ల. అది వినేటందుకు నేసిన బిడ్డా. తెలుసని చెప్తే అది గూడ పోతుండె."

డిసీవ్ చేయాలంటే అవతలివాళ్లు ముందు నమ్మాలి అని చెప్పానే, ముప్పై తొమ్మిది మంది రాసుకున్నారే. ఏం తెలుసని చెప్పాను? బడేబీ రోజూ సాయంత్రం మేక ఏదని ఎందుకు అడుగుతోంది? కూతురు మంచం దగ్గరికొచ్చి, మేతకు పోయిందమ్మా అని చెప్పి ఒక నిమిషం కూర్చుంటుందని కాదూ? రుహీ అడిగినప్పుడు వాక్యం కరెక్టే అని టిక్కు పెట్టాను. పాపం పిల్ల అడిగింది వాక్యం గురించి కాదు.

"నువ్వు చెప్పేటప్పుడు సంబురం లేదు బిడ్డా" అన్నాడు బాపు. "భయమున్నది. వేలు గూడ తెగుతాంది. గందుకే ఇగ వద్దనుకున్న. వెంకట్రాజంతోని చెప్పి సొసైటీల పేరు కొట్టేయించుకుంట. మగ్గం ఎవలకన్న కావాల్నంటే తీస్కపొమ్మంట."

నేను ఏడుస్తున్నాను. చప్పుడు రాకుండా ఏడవడం అమ్మ దగ్గర నేర్చుకున్నదే, కానీ నా చేయి ఆయన చేతిలో ఉంది కదా, తెలిసే ఉంటుంది. సరిగ్గా అప్పుడే గేటులోంచి బండి వచ్చింది. బండి మీద వెంకట్రాజం కాక. స్టాండు వేస్తూనే నా వైపు చూసి తలూపాడు. మెసేజ్ అందినట్టుంది. నేను చేయి అడ్డంగా ఊపాను, వద్దు కాకా అన్నట్టు. ఆయన చూసుకోలేదు. దూరం నుంచే అందుకున్నాడు. "నర్సన్నా, ఏం నేసినవే. గిసొంటి నేత ఈ కొత్తవాడల ఎవలు నేస్తాండ్లు ఇప్పుడు? అంచు సూడు, గీత గీసినట్టున్నది."

బాపు ఒళ్లోని చుట్ట మీద చెయ్యి వేసి చూసుకున్నాడు, కట్టిన తాడు మీద.

"తాడు ఇంక ఇప్పనే లేదు వెంకట్రాజం" అన్నాడు.

కాక నిలబడ్డచోటనే ఉండిపోయాడు. ఆయన ముఖం ఎర్రబడింది. బాపు నవ్వలేదు, కోప్పడలేదు. "తమ్మీ, ఇటు కూసో. పిల్ల చెప్పమన్నట్టు చెప్పినవ్, నువ్వేం చేస్తవ్" అని పక్కన చోటిచ్చాడు. పేరు కొట్టేయమని చెప్పాడు. కాక షట్టరు ఎత్తి పుస్తకం తెచ్చి, నా చేత కాదు, బాపు చేతనే వేలిముద్ర వేయించుకున్నాడు. మూడేళ్ల కిందటే కొట్టేసిన పేరు అది. కొట్టేసిన గీత నాకు కనిపించింది. దాని పక్కన ఇంకు వేలితో బాపు మళ్లీ ముద్ర వేశాడు, కాక ఆ చేతిని పట్టుకుని సరైన చోట పెట్టాడు.

ఆటోలో తిరిగి పోతున్నాం. జంపఖానా ఒళ్లోనే ఉంది, దీన్ని ఇప్పకు, ఇంట్ల పరుచుకుందాం అన్నాడు. తాడు ముడి వేలితో వదులు చేసి అంచు తడుముతూ కూర్చున్నాడు. నల్ల పట్టె పైకి కనిపించింది, ఎర్రది ఉండాల్సిన చోట.

"మీ అమ్మకు నాకు తెలుసని తెల్వదు గదా?"

"తెల్వదు బాపూ."

"మంచిగైంది." ఆటో మిల్లు గ్రౌండు దాటింది. బాపు తల నా వైపు తిప్పాడు. "నేను గొంతే విన్న. నువ్వు చూసినవ్ గదా బిడ్డా. నూలు తెచ్చినప్పుడు మీ అమ్మ మొఖం గూడ గట్లనే ఉండేదా? సంబురంగ?"

కొంగు నోట్లో కుక్కుకున్న అమ్మ నా కళ్ల ముందే ఉంది. గొంతు సరిచేసుకున్నాను. భయం లేకుండా, మెల్లగా కాకుండా, పెళ్లికి పిలిచినట్టు చెప్పాలని చూశాను.

"గట్లనే ఉండేది బాపూ. ఎంత నవ్వేదనుకున్నవ్."

అంచు మీద ఆయన వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ ఏమీ ఎరగనట్టు కదిలాయి.